కెప్టెన్ మెరుపు ఎడమ బూటు

మధ్యాహ్నం రెండూ యాభైకి భూతద్దం మూడో అంతస్తు మెట్లెక్కి ఆయాసం తీర్చుకుంటూ ఉంటే, తెరిచి ఉన్న తలుపులోంచి ఒక గొంతు వినిపించింది.

"ఇదిగో, ఇక్కడో సంతకం పెట్టెయ్యమ్మా. పెడితే అందరం ఎవరిళ్ళకి వాళ్ళం పోతాం."

"నేను తియ్యని బొమ్మకి నేనెందుకు పెట్టాలండీ సంతకం?"

రెండో గొంతు ఎవరిదో భూతద్దానికి తెలీదు. మొదటి గొంతు మాత్రం బాగా తెలుసు. ముప్పై ఎనిమిదేళ్ళుగా చెవిలో జోరీగలా తెలుసు.

భూతద్దం అనేది ఆయన పేరు కాదు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనిపించదు. మెడలో తాడుకు వేలాడే అద్దం చూసి జనం పెట్టిన పేరది. వృత్తి ప్రైవేటు డిటెక్టివ్. వయసు నలభై ఏడు. ఆ మొదటి గొంతు ఇన్సూరెన్స్ కంపెనీ విచారణాధికారిది. వయసు అంతే. ప్రతి మాటకీ కాగితం చాపి కలం అందిస్తాడు కాబట్టి ఊరంతా ఆయన్ను సంతకం అంటుంది. తన పెళ్ళికి కానుకలు తెచ్చినవాళ్ళకి రసీదులు రాసిచ్చాడని గిట్టనివాళ్ళు చెబుతారు. గిట్టినవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి ఆ మాటను ఇంతవరకూ ఎవరూ ఖండించలేదు.

పిలిచింది మాత్రం ఇంటి యజమాని, పార్లర్ బాబాయి. ఒకప్పుడు వీడియోగేముల పార్లర్ నడిపి, చుట్టుపక్కల వీధుల పిల్లలందరికీ ఉమ్మడి బాబాయి అయినవాడు. పార్లర్ మూతబడ్డాక ఆ ఆటల్లోవీ, ఆనాటి సినిమాల్లోవీ కీలుబొమ్మలు పోగెయ్యడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆయనకి డెబ్భై రెండేళ్ళు, నాలుగొందల బొమ్మలు. ఫోన్లో ఆయనన్నది ఇంతే: "నా మెరుపు పోయిందిరా. పోతే పోయింది. వీడు ఆ పిల్లని దొంగంటున్నాడు. నువ్వు రా."

తనను ఇంకా 'రా' అని పిలిచే మనిషి లోకంలో ఒకడు మిగిలాడని తెలిసి, భూతద్దం ఫీజు సంగతి కూడా అడక్కుండా బయల్దేరాడు.

"వచ్చారా?" అన్నాడు సంతకం, తల ఎత్తకుండా. "ఆలస్యంగా వచ్చారు. కేసు అయిపోయింది."

"కేసు అయిపోతే ఆవిడెందుకు ఏడుస్తోంది?"

"అయిపోయిందనే."

హాల్లో బల్ల ముందు కూర్చుని ఉన్నది జిగురక్క. బొమ్మల మరమ్మతులు ఆమె పని. విరిగిన చెయ్యి, ఊడిన మెడ, వెలిసిపోయిన కన్ను, ఏదైనా సరే అతికించి, అద్ది, ఆనవాలు లేకుండా చేస్తుంది. ఆమె సంచిని సంతకం బల్ల మీద బోర్లించాడు. సన్న కుంచెలు, పట్టకార్లు, దారపు ఉండ, నాలుగు రకాల జిగురు సీసాలు. వాటి మధ్య, బొటనవేలంత పొడవున, ఎర్రటి రబ్బరు కేప్ ఒకటి. వీపున కేప్ వేలాడే వీరుడు ఆ ఇంట్లో ఒక్కడే. వాడే కెప్టెన్ మెరుపు. వాడే ఇప్పుడు కనిపించడం లేదు.

"ఒళ్ళు దొరకలేదు గానీ చొక్కా దొరికింది," అన్నాడు సంతకం. "ఇంకేం కావాలి?"

భూతద్దం కుర్చీ లాక్కుని ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. "నువ్వెన్నింటికి వచ్చావమ్మా?"

"పదీ పదికి సార్."

"వెళ్ళింది?"

"పదీ నలభైకి. బాబాయిగారు ఈ హాల్లో ఫోన్ మాట్లాడుతున్నారు. చెయ్యూపి వెళ్ళిపోయా."

"ఆ అరగంటా గదిలో ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే."

"బొమ్మ పోయినట్టు తెలిసింది పదకొండున్నరకి," అని సంతకం అందుకున్నాడు. "మధ్యలో ఇంట్లోకి వేరే మనిషి రాలేదు. పార్సిల్ వాళ్ళొచ్చారు, గుమ్మంలోంచే పెట్టె తీసుకుని పోయారు. రసీదుంది."

"ఈ కేప్ సంగతేంటమ్మా?"

"కొత్తది సార్. నేనే చేశా. పాతది పాడైందని నెల్లాళ్ళు కూర్చుని పోతపోశా. కొలత చూద్దామని తెచ్చా."

"చూశావా?"

"లేదు. బొమ్మని ముట్టుకోలేదు. ఎందుకంటే ఆ టైములో..."

"అరగంట గదిలో ఉండి ముట్టుకోలేదట!" సంతకం కలం మూత టప్పున పెట్టాడు. "రాయమంటారా ఇది? నాలుగింటికి నా రిపోర్టు ఆఫీసుకి చేరాలి."

జిగురక్క భూతద్దం వైపు తిరిగింది. "సోమవారం నుంచి బొమ్మల మ్యూజియంలో ఉద్యోగం సార్. పదేళ్ళు కాళ్ళరిగేలా తిరిగితే వచ్చింది. ఆ కాగితం మీద నా పేరు పడితే, మ్యూజియం సంగతి దేవుడెరుగు, నా చేతికి ఎవరూ గిలక్కాయ కూడా ఇవ్వరు. ఈ పనిలో ఉన్నదంతా నమ్మకమే కదా. పక్కవాళ్ళ బాల్యం తెచ్చి మన చేతుల్లో పెట్టి పోతారు."

ఆ మాట భూతద్దానికి ఎక్కడో తగిలింది. కానీ వృత్తి వృత్తే. ప్రతి విచారణలోనూ చేసినట్టే, చేతిసంచి మీద రెండుసార్లు తట్టి, గొంతు సవరించుకున్నాడు.

"చూడమ్మా, నా మొదటి కేసు నా తొమ్మిదో ఏట. అది కూడా బొమ్మ కేసే. అప్పుడు కనిపెట్టా నా సూత్రం. గదిలో ఆఖరున ఉన్నవాడే దొంగ. అరగంటలో దొంగ చేత ఒప్పించి, కాగితం మీద రాయించుకున్నా. ఆ కాగితం ఇప్పటికీ ఈ సంచిలోనే ఉంది. నాకదే డిగ్రీ, అదే డాలు."

కిటికీ దగ్గర సంతకం కలం ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

"అయితే మీ సూత్రం ప్రకారం కూడా నేనే దొంగని," అంది జిగురక్క.

భూతద్దం చేతిసంచి ఒళ్ళోకి లాక్కున్నాడు. నిజానికి అదే ఆయన గుండెలో గుచ్చుకుంటున్న ముల్లు. ఈ సంచితో ఈ కుర్చీలో ముందుగా తాను కూర్చుని ఉంటే, తానూ ఇదే తేల్చేవాడు.

"గది చూస్తా," అని లేచాడు.

జిగురక్క కూడా లేవబోయింది. సంతకం చెయ్యి అడ్డం పెట్టాడు. "నిందితులకి లోపల ప్రవేశం లేదు."

గదిలో మూడు గోడలకీ గాజు బీరువాలు. నాలుగో గోడకి కిటికీ, దాని పక్కన పాతకాలపు గేము మిషన్ ఒకటి. మిగతావన్నీ అమ్మేసినా బాబాయి దీన్ని వదల్లేదు. పెయింటు వెలిసింది, బిళ్ళలు వేసే కన్నం మాత్రం వేళ్ళ రాపిడికి నిగనిగలాడుతోంది. భూతద్దం దాని వైపు చూసీ చూడనట్టు చూసి బీరువా దగ్గరికి నడిచాడు.

అరల్లో తుపాకులు ఎక్కుపెట్టినవాళ్ళు, కత్తులు దూసినవాళ్ళు, పిడికిళ్ళు బిగించినవాళ్ళు. అందరిదీ నలభై ఏళ్ళకి అటూ ఇటూ వయసే. ఆ రోజుల్లో సగం మంది పిల్లల జేబుల్లో ఉన్నవే ఇవన్నీ. ఆట వయసు దాటగానే అటకెక్కాయి. అటక నుంచి చెత్తబుట్టకి, చెత్తబుట్ట నుంచి చరిత్రకి. ఎక్కడో ఒకటి మిగిలితే దానికిప్పుడు ఇన్సూరెన్సు.

"షోకేసులో కేసు," అని గొణుక్కున్నాడు భూతద్దం. "కేసు నాది, షో ఆయనది."

"వినబడింది," అన్నాడు వెనకే వచ్చిన సంతకం.

పార్లర్ బాబాయి బీరువా పక్కన ఎత్తుపీట మీద కూర్చుని ఉన్నాడు. నడిమి అర చూపించాడు. "ఇక్కడుండేవాడురా నా మెరుపు."

అరలో తెల్ల అట్ట పరిచి ఉంది. చుట్టూ సన్నటి దుమ్ము. దుమ్ము పడని చోట పాదాల జాడలు. రెండు పెద్ద పంజాలవి, వాటి వెనక తోక ఆనిన గీత. తోకకి పక్కనే, వేలెడంత కూడా ఎడం లేకుండా, చిక్కుడు గింజలంత బూట్ల జాడలు రెండు. పెద్ద పంజాలకీ చిన్న బూట్లకీ నడుమ, అట్ట మీద లేత ఎరుపు మరక మెరుస్తోంది.

"ఈ పంజాలెవరివి?"

"బండభూతానివి. మర్చిపోయావా? మా పార్లర్లో ఆఖరి స్టేజీలో వచ్చేది. మూరెడు బొమ్మ. ప్రదర్శనకి అడిగితే ఇవాళే పంపించా. పదకొండూ అయిదుకి పార్సిల్ వాళ్ళు పట్టుకెళ్ళారు."

"సినిమా హీరోని తెచ్చి గేములో భూతం పక్కన పెట్టావా బాబాయ్?"

"మీరంతా అట్లాగే ఆడేవాళ్ళు కదరా. వేరే వేరే లోకాలని పెద్దయ్యాక తెలుస్తుంది. పిల్లల చేతుల్లో అన్నీ ఒకే లోకం. భూతం రెక్క కింద నక్కి, వెనక నుంచి దెబ్బ తియ్యబోతున్నట్టు నిలబెట్టా వాణ్ణి."

భూతద్దం అద్దం అడ్డుపెట్టి మరక చూశాడు. వేలితో తాకాడు. వేలు వెంటనే రాలేదు. అట్ట కాస్త పైకి లేచి, చప్పుడు చేసి వదిలింది. వేలు వాసన చూశాడు. బడి సంచిలో మడిచిపెట్టిన తడి రెయిన్‌కోటు వాసన. ఆ వాసనతో పాటే మరోటి వచ్చింది: మసక గదిలో పది మిషన్ల రొద, చెమట పట్టిన అరచేయి, పక్కన నిలబడి "ఎగురు, ఎగురు, ఇప్పుడు కొట్టు!" అని అరుస్తున్న తన సొంత గొంతు. మిషన్ ముందు నిలబడి కొడుతున్నవాడు తన ప్రాణస్నేహితుడు. వాడికి ఓటమి లేదు. తనకి గెలుపు లేదు. ఇద్దరికీ కలిపి ఒక్కటే బిళ్ళ ఉండేది.

"మెరుపు నా దగ్గర కూడా ఒకటుండేది," అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు.

"తెలుసు," అన్నాడు సంతకం. గొంతులో అధికారం లేదు. ఉన్నదేదో అంతకంటే గట్టిగా ఉంది. "మీ సూత్రానికి మొదటి ముద్దాయిని నేనే కదా."

బాబాయి ఇద్దరి వంకా మార్చి మార్చి చూశాడు. "అంటే? మీరిద్దరూ ఒక్కరోజే పార్లర్‌కి రావడం మానేశారు. పరీక్షలేమో అనుకున్నా."

"పరీక్షే బాబాయ్," అన్నాడు సంతకం. "ప్రశ్నలు ఈయనవి. జవాబు ముందే రాసి పెట్టుకున్నారు. మెరుపు పోయిన రోజు పార్లర్లో ఆఖరున తన పక్కన ఉన్నది నేనేనని, వీధి చివర అరుగు మీద నన్ను నిలబెట్టి, పిల్లలందరి ముందూ అరగంట అడిగారు. ఆ ప్రశ్నలు విని విని, నేనే తీశానేమోనని నాకే అనుమానమొచ్చింది. సంతకం పెట్టమన్నారు. పెట్టా. ఆ కాగితం మా నాన్న చూశాడు. ఆ తర్వాత నేను ఏ వీధిలోకెళ్ళినా నాకంటే ముందు నా పేరు వెళ్ళేది. అందుకే ఈ ఉద్యోగంలో చేరా. ఈసారి కాగితం నా చేతిలో ఉండాలని."

"తీసింది నువ్వు కాకపోతే..."

"మీరు అనండి," అన్నాడు సంతకం. "మనం 'మీరు'లోకి వచ్చి చాలాకాలమైంది. ఇప్పుడేం? మీ సూత్రంతోనే ఆవిణ్ణి పట్టుకున్నా. గదిలో ఆఖరున ఉన్నది ఆవిడే. కాదనండి చూస్తా."

కాదంటే మొదటి కేసు కదులుతుంది. అవునంటే ఓ ఆడమనిషి బతుకు కూలుతుంది. కీలెరిగి వాత పెట్టడమంటే ఇదే. మూడూ పదమూడు అయింది.

భూతద్దం గడియారం చూసుకుని బాబాయి వైపు తిరిగాడు. "గదిలో ఆఖరున ఉన్నది ఆవిడ కాదు. నువ్వు. పదీ నలభైకి ఆవిడ వెళ్ళింది. భూతాన్ని పెట్టెలో పెట్టిందెప్పుడు?"

"పదీ యాభైకి."

"అప్పుడు మెరుపు ఉన్నాడా?"

"చూళ్ళేదురా."

"బీరువా ముందు నిలబడి చూళ్ళేదా?"

బాబాయి కిటికీలోకి చూపు తిప్పేశాడు. సంతకం కలం మళ్ళీ బయటికి తీశాడు. భూతద్దం అతన్ని ఆపి, వంటింట్లోంచి నీళ్ళ కూజా తెచ్చి అర మీద పెట్టాడు. "ఇదే బండభూతం. పొద్దున ఎట్లా తీశావో అట్లాగే తియ్యి బాబాయ్."

ముసలాయన లేచి, సొరుగులోంచి మెత్తటి నూలు సంచి తీశాడు. "చేత్తో ముట్టుకుంటే చేతి జిడ్డు అంటుతుంది. అందుకని పైనుంచి సంచి తొడిగి, అడుగున అట్టముక్క దూర్చి, అట్లాగే ఎత్తి పెట్టెలో దించుతా." సంచి మూతి రెండు చేతులా పట్టుకున్నాడు. కూజా మీదికి వంచాడు.

వంచే ముందు కళ్ళు మూసుకున్నాడు.

సంచి తొడిగాడు, అట్టముక్క దూర్చాడు, తడుముకుంటూ ఎత్తాడు. పక్కనున్న మరో చిన్న బొమ్మ కూడా సంచి అంచుకు తగిలి ఊగింది. పూర్తయ్యేదాకా కళ్ళు తెరవలేదు.

"ఇదేంటి బాబాయ్?"

"పంపించేటప్పుడు చూడలేనురా." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పార్లర్ అమ్మిన రోజు తొమ్మిది మిషన్లు లారీ ఎక్కుతుంటే నిలబడి చూశా. ఒక్కోటి ఎక్కినప్పుడల్లా ఒక్కో పిల్లాడు ఎక్కినట్టుండేది. అప్పట్నుంచీ ఏది గుమ్మం దాటినా కళ్ళు మూసుకుంటా. చెబితే నవ్వుతారని చెప్పలేదు."

ఎవరూ నవ్వలేదు. భూతద్దం తలుపు దగ్గరికెళ్ళి గట్టిగా పిలిచాడు. "అమ్మా, ఇట్లా రా!"

"నిందితులకి..." అనబోయాడు సంతకం.

"ఆవిడ నిందితురాలు కాదు, నిపుణురాలు. ఈ ఇంట్లో పొద్దున్నుంచి ఆవిణ్ణి దొంగతనం గురించి అడిగారు గానీ బొమ్మ గురించి ఎవరూ అడగలేదు. నాతో సహా. చెప్పమ్మా, మెరుపుని ఎందుకు ముట్టుకోలేదు?"

జిగురక్క గుమ్మంలోంచే చెప్పింది. "కేప్ చెమటపట్టింది సార్. పాత మెత్త రబ్బరు అంతే. ఏళ్ళు గడిస్తే లోపలున్న నూనె బయటికి ఊరుతుంది. పొద్దుటి ఎండ పడితే ఇంకా ఎక్కువ. అట్లాంటప్పుడు ఏది ఆనితే దానికి కరుచుకుంటుంది. లాగితే పెయింటు ఊడొస్తుంది. ఆ అరగంటా మిగతా బొమ్మల పని చూసుకుని, చల్లబడ్డాక సాయంత్రం వచ్చి దారంతో విడదీద్దాం అనుకున్నా."

"దేన్నుంచి విడదీద్దామని?"

"పక్కన ఆనుకుని ఉంది కదా సార్, భూతం రెక్క..." అంటూ బీరువా వైపు చూసి ఆగిపోయింది. "భూతమేదీ?"

మూడు తలలు ఒకేసారి ఆ పంజాల జాడల వైపు తిరిగాయి.

"ప్లాస్టిక్కులోనే స్టిక్కుందయ్యా!" అని భూతద్దం గది అదిరేలా అరిచాడు. "మనం దొంగ కోసం వెతుకుతుంటే, హీరో విలన్ రెక్క పట్టుకుని ఊరేగుతున్నాడు! పార్సిల్ లారీ ఎన్నింటికి?"

"నాలుగింటికి," అన్నాడు సంతకం. అప్పటికే రసీదు బయటికి తీశాడు.

మూడూ ఇరవై ఆరుకి నలుగురూ ఒకే ఆటోలో కూరుకున్నారు. భూతద్దం పొట్ట, సంతకం ఫైలు, బాబాయి మోకాళ్ళు, జిగురక్క సంచి ఒకదానికొకటి ఒరుసుకుంటూ, మూడూ నలభై రెండుకి పార్సిల్ ఆఫీసు ముందు దిగారు. లోపల పెట్టెలు అప్పటికే లారీలోకి ఎక్కుతున్నాయి.

కౌంటర్ గుమాస్తా తల అడ్డంగా ఊపాడు. "సీలు వేసిన పెట్టె విప్పం. విప్పాలంటే పంపినవాళ్ళ దరఖాస్తు, సాక్షి, కారణం, మూడు కాపీలు. రేపు రండి."

భూతద్దం మీసం దువ్వి, అరవబోయాడు. సంతకం ఆయన భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపాడు.

"కాగితాల సంగతి నాకొదిలెయ్యండి."

ఆలస్యం చేస్తే చాలు. పద్దెనిమిది నిమిషాలు నిలబడి ఉంటే లారీ వెళ్ళేది, రిపోర్టు గెలిచేది. ఆ సంగతి సంతకానికి తెలుసు. తెలుసని భూతద్దానికీ తెలుసు. సంతకం మాత్రం బల్ల మీదికి వంగి, దరఖాస్తు రాసి, కారణం రాసి, సాక్షిగా తానే సంతకం పెట్టి, మూడు కాపీలూ నాలుగు నిమిషాల్లో గుమాస్తా ముందు పెట్టాడు. అంత అందమైన దస్తూరి చూసి గుమాస్తా సీలు తెంచడానికి కత్తెర అందుకున్నాడు.

మూడూ యాభై ఒకటికి పెట్టె మూత లేచింది. జిగురక్క నూలు సంచిని వేళ్ళ కొసలతో పైకి తీసింది. ముందు కొమ్ములు, తర్వాత కోరలు, తర్వాత గబ్బిలం లాంటి రెక్కలు. ఎడమ రెక్క ఎత్తి చూపించింది. దాని మడతలో, తల్లికోడి రెక్క కింద పిల్లలా, బెత్తెడు కెప్టెన్ మెరుపు వెల్లకిలా అంటుకుపోయి, పిడికిలి బిగించి, కప్పు వైపు చూస్తున్నాడు.

"విలన్లు హీరోయిన్ని ఎత్తుకుపోవడం చూశా," అన్నాడు భూతద్దం. "హీరోనే ఎత్తుకుపోవడం ఇదే చూడ్డం."

బాబాయి జిగురక్క తల మీద చెయ్యి పెట్టి అట్లాగే నిలబడ్డాడు.

సంతకం ఫైల్లోంచి పొద్దుటి రిపోర్టు తీసి, నిలువునా గీత కొట్టాడు. కొత్త కాగితం మీద రెండు వాక్యాలు రాసి ఫోన్‌తో ఫొటో తీసి ఆఫీసుకి పంపాడు. తర్వాత అదే కాగితం జిగురక్క ముందు పెట్టాడు.

"మళ్ళీ సంతకమా అండీ?"

"మీది కాదు, నాది. దొంగతనం జరగలేదని, పొరపాటు నాదని రాశా. దాచుకోండి. సోమవారం ఎవరైనా ఏమైనా అంటే చూపించండి."

ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్టు లోపలి జేబులో దాచింది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. ఏడుస్తూనే దారం తీసి, ఉడికిన గుడ్డును కోసినట్టు, కేప్‌కీ రెక్కకీ నడుమ నెమ్మదిగా జరిపింది. ఏడుపు ఏడుపే, పని పనే. మెరుపు విడివడ్డాడు.

"బాబాయిగారూ, ఒకటి చెప్పాలి మీకు. ఎడమ బూటు మీద గాట్లు పూడ్చమన్నారు కదా, నేను పూడ్చను."

"ఎందుకమ్మా?"

"అవి గాట్లు కావు, పంటిగాట్లు. ఎవరో చిన్నపిల్లాడివి. అవి పూడిస్తే ఆ పిల్లాడు పోతాడు."

భూతద్దం అలవాటుగా అద్దం ఎత్తాడు. ఎడమ బూటు మడమ మీద రెండు గుంటలు. మధ్యలో ఖాళీ. ఒక పన్ను పట్టేంత ఖాళీ. ఆయన నాలుక తనంతట తానే ముందు పంటి మీదికి వెళ్ళింది. ఆ పన్ను తొమ్మిదో ఏట ఊడింది, పదో ఏట మళ్ళీ వచ్చింది.

బండభూతం ఆఖరి స్టేజీ. స్నేహితుడి వేళ్ళు మీటల మీద మెరుపుల్లా ఆడుతున్నాయి. ఒక్క ప్రాణమే మిగిలింది. ఊపిరి బిగబట్టి, తాను చేతిలో ఉన్న మెరుపు బూటు కసుక్కున కొరికాడు. ఆ రోజు ఆ వీధిలో మొదటిసారి భూతం చచ్చింది. ఇద్దరూ కౌగిలించుకుని గెంతారు.

"బాబాయ్," అన్నాడు. అద్దం దించాడు. "ఇది నీకెక్కడ దొరికింది?"

"మిషన్లో. మా గదిలో ఉందే, దాన్లోనే. పన్నెండేళ్ళ కిందట రిపేరుకి విప్పితే, అడుగున తీగల మధ్య కరుచుకుని ఉన్నాడు. ఎవడో పిల్లాడు మిషన్ నెత్తిన నిలబెట్టుంటాడు. దాని వెనక చెక్క ఎప్పుడూ ఊడే ఉండేది కదా, గట్టిగా కదిలిస్తే ఏదైనా లోపలికి జారిపోయేది." ముసలాయన నవ్వాడు. "ఎవరో అంటానేంటి, దాన్ని కదిలించేది నువ్వేగా. నీ స్నేహితుడు గెలిచి ఇంటికెళ్ళేవాడు. వాడెళ్ళాక నువ్వు ఉండిపోయి, నా దగ్గర అప్పుకి ఇంకో బిళ్ళ తీసుకుని వేసి, ఓడిపోయి, మిషన్ని కాలితో ఒక్క తన్ను తన్నేవాడివి. రోజూ ఇదే తంతు. నీ తన్నుకి దానికి సొట్ట కూడా పడింది. ఇంటికెళ్ళి చూద్దువు గాని."

భూతద్దానికి చూడనక్కర్లేకపోయింది. సొట్ట ఎక్కడుంటుందో ఆయన బొటనవేలికి తెలుసు.

లారీ డ్రైవర్ హారన్ కొట్టాడు. బండభూతం ఒంటరిగా మళ్ళీ పెట్టెలోకి దిగింది. మూత పడుతుంటే జిగురక్క, "ఈసారన్నా చూడండి బాబాయిగారూ," అంది. ఆయన చూశాడు. లారీ మలుపు తిరిగేదాకా రెప్ప వెయ్యకుండా చూశాడు.

సంతకం గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. అన్నీ విన్నాడు.

"గదిలో ఆఖరున ఉన్నది ఎవరు?" అని భూతద్దం అడిగాడు. ఎవర్ని అడిగాడో చెప్పడం కష్టం. జవాబు కూడా ఆయనే చెప్పాడు. "నేను."

చేతిసంచి తెరిచాడు. ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో గీతల నోటుబుక్కు నుంచి చింపిన కాగితం. బయటికి లాగితే రాలేదు. ముప్పై ఎనిమిదేళ్ళలో అది కవరుకి అంటుకుపోయింది.

జిగురక్క అడక్కుండానే దారం అందుకుంది. నెమ్మదిగా విడదీసింది. 'బొమ్మ నేనే తీశాను' అన్న వాక్యంలో సిరా సగానికి పైగా కవరుకే ఉండిపోయింది. కాగితం మీద మిగిలింది అడుగున ఉన్న సంతకం. తొమ్మిదేళ్ళ వేళ్ళు, వణికిన అక్షరాలు.

భూతద్దం చెయ్యి చాపాడు. సంతకం కాసేపు ఆ చేతిని చూసి, కలం ఇచ్చాడు. పార్సిల్ ఆఫీసు బల్ల మీద వంగి, పాత సంతకం కింద భూతద్దం రాశాడు: 'బొమ్మ ఎవరూ తియ్యలేదు. మిషన్ని తన్నింది నేను.' కింద కరెంటు బిల్లు మీది పేరుతో సంతకం చేశాడు. మెరుపుని ఆ కాగితం మీద నిలబెట్టి, రెండూ కలిపి ముందుకు తోశాడు.

సంతకం రెండుసార్లు చదివాడు. మూడోసారి చదువుతున్నట్టు నటించాడు. మెరుపుని ఎత్తి, బూటు తిప్పి, పంటిగాట్ల మీద వేలు రాసి, మళ్ళీ పెట్టేశాడు.

"తేదీ వెయ్యలేదు," అన్నాడు.

"ఏ తేదీ వెయ్యను? అప్పటిదా, ఇవాళ్టిదా?"

"ఇవాళ్టిదే వెయ్యరా. టైము కూడా వెయ్యి."

భూతద్దం మణికట్టు పైకెత్తాడు. గడియారంలో అంకెలు నీళ్ళలో పడ్డట్టు అలుక్కుపోయి కనిపించాయి. మెడలో అద్దం వేలాడుతూనే ఉంది. దాంతో లాభం లేకపోయింది.

"టైమెంతైందిరా?" అని అడిగాడు.

"నాలుగూ రెండు," అన్నాడు సంతకం. "రాసుకో."